ఆకాశము నుండి కనబడు గృహము
(విద్యార్థి వసతి గృహ నిర్మాణ విషయమై సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి కార్యక్రమమున వసతి గృహ నిర్మాణమును గూర్చి మాటలాడవలసినదిగా కార్యవర్గమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము శిల్పులము కాము, చరిత్రకారులమును కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ఆపై అంగడి మెట్లెక్కినవారము. అయినను ఈ నెల దినములుగా ఒక చిత్రమైన చిక్కు మన సంఘమును రెండు పక్షములుగా చీల్చుచున్నది. దానిని మీ యెదుట విప్పి పరచుట మా విధి యని లేచితిమి. కొంచెము ఓపిక పట్టి వినుడు.

విషయ మిది. తిరుచిరాపల్లి చుట్టుపట్ల గ్రామములనుండి చదువునకు వచ్చు మన తెలుగు బిడ్డలకొఱకు ఎనుబది మందికి సరిపడు వసతి గృహము కట్టదలచితిమి. ఇంట తెలుగు మాటలాడుచు, ఆ మాటను వ్రాయుటకు అక్షరము రాని తరము మన కన్నుల యెదుటనే పెరుగుచున్నది. ఆ గృహమున ప్రతి సాయంకాలమును ఒక గంట తెలుగు చదువు చెప్పవలెనని మన కోరిక. స్థలము సిద్ధము. ధనములో సగము చేతి కందినది. ఇంజనీరుగారు పటము గీసి యిచ్చిరి. ఆ పటమును పైకెత్తి చూపగానే మన యువకులలో ఒకరు లేచి, “అయ్యా, దీనిని ఆకాశము నుండి చూచిన హిట్లరు గుర్తువలె నుండును” అనిరి. వెంటనే పెద్దలలో ఒకరు, “హిట్లరు గుర్తు కాదు నాయనా, అది మన స్వస్తికము. మన గుమ్మములో లేనిదా?” అనిరి. నాటినుండి పటము బల్లమీదనే యున్నది, పునాది నేలలోనికి దిగలేదు.

పటమున తప్పేమియు లేదు. ఇంజనీరుగారు మధ్య ఒక చదువుల మందిరము నుంచి, దానికి నాలుగు దిక్కుల నాలుగు వరుసల గదులు పెట్టిరి. ప్రతి వరుస చివర స్నానపు గదులను ఒక ప్రక్కకు మడచిరి. ఉత్తరపు వరుస తూర్పునకు, తూర్పు వరుస దక్షిణమునకు, దక్షిణపు వరుస పడమటికి, పడమటి వరుస ఉత్తరమునకు మళ్ళినవి. ఇట్లు చేయుటవలన ప్రతి గదికిని రెండు వైపుల వెలుతురు వచ్చును. ఒక వరుస బిడ్డల సందడి మరియొక వరుసకు తగులదు. ధనము చేరినకొలది ఏటికొక వరుస కట్టుకొనవచ్చును. ఒకే ముక్కను నాలుగు మారులు త్రిప్పి పెట్టినచో పని సులభము, వ్యయము స్వల్పము. ఇంతకు మించిన దురుద్దేశ మెవరికిని లేదు. అయితే అట్లు త్రిప్పి పెట్టిన నాలుగు ముక్కలు కలిసి ఏ రూపమును దాల్చునో నేలమీద నిలుచుండువానికి తెలియదు. పైనుండి చూచువానికి మాత్రము మరియొకటి కనబడదు.

ఇది మన కొక్కరికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున శాన్ డియాగో చెంత కొరొనాడో అను చోట నౌకాదళమువారి స్థావర మొకటి కలదు. 1967లో అక్కడ నావికుల నివాసములకు పునాదులు తీసిరి. మధ్య రెండు కట్టడములు, చుట్టును మూలమట్టమువలె వంగిన మూడంతస్తుల నివాసము లుండవలెనని పటము. మొదట అట్టి నివాస మొక్కటే గీచి, పిదప దానినే మరి మూడు మారులు తిన్నకోణమున త్రిప్పి పెట్టిరి. పని మొదలైన కొలదికాలమునకే పైనుండి ఎట్లు కనబడునో అధికారులు గ్రహించిరి. గ్రహించియు, నేలమీదివారికి కనబడదు గదా, ఆ చోట విమానములు ఎగురవు గదా, అని ఊరకుండిరి. 1970 నాటికి కట్టడము పూర్తి యయ్యెను. ముప్పది యైదు సంవత్సరములు దాని మాట ఎవరికిని పట్టలేదు.

2005లో గూగుల్ సంస్థవారు భూగోళమునంతటిని ఉపగ్రహ చిత్రములతో ఇంటింటి గణకయంత్రము మీదికి తెచ్చిరి. అంతవరకు విమాన చోదకులకును సైన్యములకును దక్కిన చూపు బడిపిల్లలకు సైతము దక్కెను. కొరొనాడో కట్టడము లోకమంతటికి కనబడెను. యూదులు మొదలుగా పలువురు బాధపడి మొఱపెట్టిరి. 2007లో నౌకాదళమువారు చెట్లు, పొదలు నాటియు, కప్పులపై సూర్యశక్తి పలకలు అమర్చియు ఆ రూపమును మరుగు పరచుటకు 6 లక్షల డాలర్ల వరకు వ్యయము చేయ నిశ్చయించిరి. 1967లో కాగితము మీద ఒక గీతను తుడిచి యుండిన రబ్బరు ముక్క ఖరీదుతో తీరిపోవలసిన పని అది.

అదే దేశమున అలబామా రాష్ట్రపు డెకాటర్ పట్టణమున మెథడిస్టు క్రైస్తవుల ఆధ్వర్యమున నడచు వృద్ధుల నివాసమునకును ఇట్టి అవస్థయే పట్టెను. నాలుగు చేతుల కట్టడము ఉపగ్రహ చిత్రములలో అదే రూపముతో కనబడగా, 2008లో దానిని మార్చుటకు పూనుకొనవలసి వచ్చెను. ముదుసళ్ళకు నీడ నిచ్చుటకై కట్టిన ఇల్లది. దాని మీద ద్వేషపు ముద్ర పడవలెనని కట్టినవా రెవరును కోరలేదు.

ఇవి తెలియక జరిగినవి. తెలిసి చేసినదియు ఒకటి కలదు. జర్మనీలో బెర్లినుకు ఉత్తరమున జెర్నికో అను గ్రామ సమీపమున దేవదారు జాతి అడవి యున్నది. అందులో 1930వ దశకపు చివర ఎవరో లార్చ్ అను చెట్లను ఆ గుర్తు ఆకారమున వరుసగా నాటిరి. చుట్టునున్న చెట్లు ఏడాది పొడవునను పచ్చగా నుండును. లార్చ్ ఆకులు మాత్రము శరత్కాలమున పసుపు వన్నెకు తిరుగును. కాబట్టి ఏటికి కొన్ని వారములు మాత్రమే ఆ గుర్తు, అదియు ఆకాశము నుండియే, కనబడుచుండెను. నాజీలు నేలకూలిరి, జర్మనీ రెండుగా చీలెను, మరల ఒకటయ్యెను. అంతకాలమును ఆ చెట్లు ఏటేట పసుపెక్కుచునే యుండెను. 1992లో విమానము నుండి తీసిన చిత్రములలో అది బయట పడెను. 1995లో కొన్ని చెట్లు నరకిరి, అయినను రూపము చెరగలేదు. 2000 సంవత్సరమున మరల గొడ్డలి పట్టవలసి వచ్చెను.

ఇప్పుడు మన పెద్దలు పలికిన మాటకు వత్తుము. “అది మనది” అనిరి. నిజమే, మనదే. ఆ నిజమును గట్టిగా చెప్పుకొనుటకు మేము వెనుదీయము. సు, అస్తి అను రెండు మాటలు కలిసి స్వస్తి యైనది. మేలు కలుగుగాక అని అర్థము. మన తెలుగు శాసనములు ఎన్నో “స్వస్తి శ్రీ” యనియే మొదలగును. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇండ్ల రకములను చెప్పుచు సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, రుచకము అనువానితోపాటు స్వస్తిక మను ఇంటిని పేర్కొనెను. మానసార మను శిల్పశాస్త్రమున గ్రామ నిర్మాణ భేదములలో స్వస్తికము ఒకటి. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండలో 1954 మొదలు త్రవ్వకములు జరుపగా, కొన్ని చిన్న స్తూపముల గర్భమున ఇటుకలు స్వస్తికాకారమున పేర్చియుండుట కనబడెను. అది పైకి కనబడుటకు చేసిన పని కాదు. మట్టితోడను ఇటుకతోడను కప్పివేసిన మంగళము.

అంత దూరము పోనేల? మనకు ఇరుగుపొరుగున తిరువెళ్ళరై పుండరీకాక్ష పెరుమాళ్ సన్నిధి కలదు గదా. ఆ ఆలయమునకు పోయినవారిలో ఎందరు అక్కడి బావిని చూచిరో మే మెరుగము. పల్లవ రాజైన దంతివర్మ కాలమున, క్రీస్తుశకము 800 ప్రాంతమున, కంబన్ అరైయన్ అనువాడు త్రవ్వించిన బావి యది. నాలుగు దిక్కులనుండి మెట్లు దిగును. దిగి దిగి ప్రతి మెట్ల వరుసయు ఒక ప్రక్కకు తిరిగి నీటిని చేరును. పైనుండి చూచిన అచ్చముగా స్వస్తికము. ఒక వైపు స్నానము చేయువారు మరియొక వైపువారికి కనబడరు. పన్నెండు వందల యేండ్ల క్రిందటి ఆ శిల్పియు మన ఇంజనీరుగారును ఒకే ఆలోచన చేసిరన్నమాట. చేతిని చివర మడచినచో చాటు దొరకును. ఆకారమునకు ముందు అవసర మున్నది.

కాబట్టి పైనుండి చూచు చూపు మన పూర్వులకు తెలియనిది కాదు. యజ్ఞమునకు డేగ ఆకారమున వేదిక పేర్చుటకు శుల్బసూత్రములు ఇటుకల కొలతలు చెప్పుచున్నవి. ఆ డేగ రెక్కలు చాచినట్లు తెలియవలెనన్న పైనుండియే చూడవలెను. “ఆకాశము నుండి చూచువా డెవడు?” అని మనము అడుగ తగదు. చూచువా డుండునని నమ్మియే మన పెద్దలు కొలత వేసిరి.

అయిన మార్చుట ఎందులకు? వేల యేండ్ల మంగళము పండ్రెండేండ్ల పాపమునకు తల వంచవలెనా? ఈ ప్రశ్న మన సభలో గట్టిగానే వినబడినది. దాత యొకరు పటము మార్చినచో తమ విరాళము నిలిపివేయుదు మనిరి. విద్యార్థు లిద్దరు మార్చకున్న ఆ ఇంట నుండుటకు సిగ్గగు ననిరి. ఇరువురి మాటయు తీసివేయదగినది కాదు. కనుక ఆ పండ్రెండేండ్లలో ఏమి జరిగెనో ఒకసారి తలచుకొనుట న్యాయము.

1920లో హిట్లరు పక్షమువారు ఎఱ్ఱని గుడ్డపై తెల్లని వలయము, అందు నల్లని గుర్తు ఉంచి తమ జెండా చేసికొనిరి. వారు దానిని స్వస్తికమని పిలువలేదు. తమ భాషలో హాకెన్‌క్రొయిజ్, అనగా కొక్కెపు శిలువ, అనిరి. 1933లో రాజ్యము చేతికి వచ్చెను. 1935లో అదియే జర్మనీ జాతీయ పతాక మయ్యెను. 1945లో ఆ రాజ్యము కూలు లోపల సుమారు 60 లక్షల మంది యూదులను చంపిరి. పసిబిడ్డలను, ముసలివారిని విడువలేదు. రోమా జాతివారిని, రోగులను, వికలాంగులను, తమ్ము కాదన్నవారిని చంపిరి. చంపించినవారి భుజముమీద ఈ గుర్తుండెను. చంపబడినవారు కడసారి చూచిన గుర్తులలో ఇది యొకటి.

అంతకు ముందు పాశ్చాత్యులును దీనిని శుభచిహ్నముగనే వాడుచుండిరి. బొంబాయిలో పుట్టిన ఆంగ్ల రచయిత కిప్లింగు తన పుస్తకముల అట్టలమీద దానిని వేయించుకొనుచుండెను. నాజీలు తల ఎత్తగానే తీసివేయించెను. ఫిన్లాండు వాయుసేనవారు హిట్లరునకు ముందే, 1918 నుండియే, దానిని తమ విమానములపై పెట్టుకొనిరి. 1945లో విమానముల మీదనుండి తొలగించిరి. కొన్ని చిహ్నములలో మిగిలినదానిని గూడ ఇటీవలి యేండ్లలో ఒకదాని వెనుక ఒకటి విడిచిరి. వారెవరును తప్పు చేసినవారు కారు. చూచువాని గుండెను లెక్కలోనికి తీసికొనిరి.

వ్యాపారస్థులము కనుక మా భాషలో ఒక మాట చెప్పుదుము. మంచి సరకునకు ఒక ముద్ర యుండును. దొంగ యొకడు ఆ ముద్రనే తన కల్తీ సరకు మీద వేసి అమ్మినాడనుకొందము. అది తిని నలుగురు చచ్చిరి. ఇప్పుడు మన మేమి చేయవలెను? ముద్రను విడిచిపెట్టుటయా? కూడదు. విడిచిన దొంగకు దానము చేసినట్లే. పాత ముద్రనే మూటమీద వేసి, ఏ మాటయు చెప్పక, చచ్చినవారి యింటి ముందర దింపుటయా? అదియును కూడదు. ముద్ర ప్రక్కన మన పేరు వ్రాయవలెను, ఊరు వ్రాయవలెను, సరకు విప్పి చూపవలెను. కొనువాడు భయపడిన కోపపడరాదు. వాని భయమునకు కారణ మున్నది.

ఇందులోనే మన చిక్కునకు మందు కలదని మాకు తోచుచున్నది. గుర్తు ఒంటరిగా నున్నప్పుడు ఒక అర్థము, తనవారితో నున్నప్పుడు ఒక అర్థము. గుమ్మము ముందర బియ్యపు పిండితో తీర్చిన స్వస్తికమునకు ప్రక్కన పసుపు గడప యున్నది, మామిడి తోరణ మున్నది, కుంకుమ బొట్టున్నది. దానిని చూచి హిట్లరును తలచుకొనువాడు వచ్చినచో, తీర్చిన ఇల్లాలు అక్కడనే యున్నది. “అది మేలు కోరు గుర్తు నాయనా” అని చెప్పగలదు. తిరువెళ్ళరై బావికి ప్రక్కన శాసన మున్నది, పెరుమాళ్ కోవెల యున్నది. జపానువారి పటములలో బౌద్ధాలయమునకు ఇదే గుర్తు. దానిని మార్చవలెనా అను చర్చ 2016లో వచ్చినప్పుడు, గుర్తు మార్చుటకంటె వచ్చువారికి అర్థము చెప్పుటయే మేలని అక్కడివారిలో అనేకులు వాదించిరి. వారి పటమునకు ప్రక్కన గుర్తుల వివరము అచ్చుపడి యుండును. కాని సిమెంటు కప్పునకు తోరణము కట్టలేము, గుర్తుల వివరము అచ్చువేయలేము. ఆకాశమునకు అది ఒంటరిగా కనబడును. వేయి యోజనముల దూరమున కూర్చుండి చూచువానికి మనము పక్కన నిలిచి నచ్చజెప్పలేము.

చెప్పగల చోట చెప్పిన ఫలము కలదు. 2022లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున నాజీ గుర్తును బహిరంగముగా చూపుట నేరమని చట్టము చేసిరి. ఆ చట్టమునందే హిందువులు, బౌద్ధులు, జైనులు తమ స్వస్తికమును వాడుకొనుటకు అడ్డులేదని వ్రాసిరి. అదే సంవత్సరము కాలిఫోర్నియా చట్టమునను ఇట్టి భేదమును చూపిరి. అక్కడి మనవారు యూదుల ఇంటికి వెళ్ళి, వారి దుఃఖము విని, పిదప మన మాట వినిపించుటచేత ఇట్టి ఎరుక పెరిగినది. ముందు వినుట, తరువాత వినిపించుట. ఆ వరుస తిరుగబడిన ఏ చట్టమును పుట్టదు.

మరి యొక మాట. యూదు లనగా ఎక్కడనో సముద్రముల కావల నుండువా రని మనలో కొందరి తలంపు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున యూదు మతము నాచరించు తెలుగు కుటుంబము లున్నవి. బెనె ఎఫ్రాయిము అని తమ్ము చెప్పుకొందురు. ఇంట తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. వారి బిడ్డ యొకడు రేపు చదువునకై ఈ ఊరు వచ్చి, తెలుగు పిల్లవాడనని మన వసతి గృహపు తలుపు తట్టినచో మన మేమందుము? తెలుగు బిడ్డల ఇల్లని పేరు పెట్టి, ఆ బిడ్డ తల్లి తన చేతిలోని ఫోనున ఆ ఇంటి కప్పు చూచి ఉలికిపడునట్లు కట్టుదుమా?

మనము అల్పసంఖ్యాకులము. ఈ నేలమీద కొన్ని వందల యేండ్లుగా నున్నను, అంగడి వీధిలో మన యింటి మాట వినబడిన తల త్రిప్పి చూచువా రుందురు. మన పండుగ ఏమి, మన అక్షర మేమి అని అడుగువారికి విసుగక చెప్పుచు బ్రదికిన జాతి మనది. ఇతరులు మనలను సరిగా తెలిసికొనవలెనని కోరువారము, ఇతరుల నొప్పిని తెలిసికొనుట మన వంతు కాదా? ఇందులో తల వంపు లేదు. ఎదుటివాని పుండు ఎక్కడ నున్నదో తెలిసి చేయి వేయుట మర్యాద. మన పెద్దలు మనకు నేర్పినది అదియే.

ఇక పనిలోనికి వత్తుము. మేము ఇంజనీరుగారితో రెండు సాయంకాలములు కూర్చుంటిమి. గుర్తును ఎడమవైపునకు త్రిప్పిన చాలదా అని అడిగితిమి. చూచువాడు కుడి యెడమలు లెక్కించి కూర్చుండడు, చాలదనిరి. చివరలు కోసివేసిన స్నానపు గదులకు చోటు లేదనిరి. పిదప వారే యొక ఉపాయము చెప్పిరి. తూర్పు పడమటి వరుసలను ఉన్నట్లే యుంచవలెను. ఉత్తరపు వరుస చివరను తూర్పునకు కాక పడమటికి, దక్షిణపు వరుస చివరను పడమటికి కాక తూర్పునకు మడువవలెను. అంతే. అప్పుడు ఉత్తరపు వరుస స్నానపు గదులును పడమటి వరుస స్నానపు గదులును వాయవ్య మూలన ఎదురెదురు పడును. దక్షిణపువియు తూర్పువియు ఆగ్నేయ మూలన కలియును. నీటి గొట్టములు, మురుగు తొట్లు నాలుగు చోట్లకు బదులు రెండు చోట్ల చాలును. వాయవ్యమున, ఆగ్నేయమున రెండు ముంగిళ్ళు మూసినట్లగును. గాలికొఱకు మూలలయందు నడచునంత సందు విడుతురు. నైరుతి తెరపిగా నుండుటచేత ఆషాఢ శ్రావణముల పడమటి గాలి లోనికి వచ్చును. ఈశాన్యమున బావికి చోటు దొరకును. పైనుండి చూచినవానికి రెండు ముంగిళ్ళ ఇల్లుగా కనబడును గాని మరియొకటి కాదు.

నష్టము లేదని చెప్పము. మొదటి పటమున ఏటికొక వరుస కట్టవచ్చును. ఇందులో జంటగా కట్టినగాని గొట్టముల పొదుపు చేతికి రాదు. కనుక మొదటి యేడు ఎక్కువ ధనము కావలెను. ఎనుబది మంది బిడ్డలలో సగము మందికి ఒకటేడాది ఆలస్యము కావచ్చును. ఇది కష్టమే. అయినను కట్టిన పిదప కప్పు మార్చుటకంటె కట్టకముందు గీత మార్చుట చవుక. ఈ లెక్క తెలియుటకు కొరొనాడో వారికి నలుబది యేండ్లు పట్టెను. మనకు ఒక పూట చాలును.

విరాళము నిలుపుదు మనిన పెద్దలకు మా విన్నపము వేరుగా నున్నది. అయ్యా, తమ మనస్సున నున్నది స్వస్తికము మీది భక్తి. దానిని మేము త్రోసివేయుటలేదు. ఆకాశమునకు కనబడు కప్పుమీద కాక, మనిషికి కనబడు గుమ్మమున దానిని ఉంచుడని వేడుచున్నాము. చదువుల మందిరపు వాకిట నల్లరాతి పలకమీద స్వస్తికము చెక్కింతము. దాని క్రింద తెలుగునను తమిళమునను ఆంగ్లమునను దాని అర్థము వ్రాయింతము. ఎన్ని వేల యేండ్లుగా ఎవ రెవరు దానిని మంగళముగా తలచిరో, పండ్రెండేండ్లు ఎవరు దానిని చెరచిరో, ఆ చెరలో ఎందరు చచ్చిరో నాలుగు పంక్తులలో వ్రాయింతము. ఆ పలక తమ పేరు మీదనే యుండవలెనని మా కోరిక. వచ్చిన బిడ్డ ప్రతివాడును దానిని చదివి లోనికి పోవును. అక్షరము రానివాడు చదువుటకై నేర్చుకొనును.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీరు పటము చూడగానే పైచూపు చూచితిరి, అది మెచ్చదగినది. అయితే సిగ్గు అను మాటను మాత్రము వెనుకకు తీసికొనుడు. మీ అమ్మమ్మ గడపలో తీర్చిన ముగ్గునకు మీరు సిగ్గుపడ నక్కరలేదు. దొంగిలించినవానికి సిగ్గు, సొంతవానికి కాదు. అడిగినవానికి దాని కథ చెప్పగల తెలివి మీకు కావలెను. ఆ తెలివికొఱకే ఈ ఇల్లు.

కావున మూడు తీర్మానములు సభ యెదుట నుంచుచున్నాము. మొదటిది, మార్చిన పటమును అంగీకరించి తూర్పు దక్షిణపు వరుసల జంటను ముందుగా మొదలుపెట్టుట. రెండవది, గుమ్మమున అర్థసహితముగా స్వస్తిక ఫలకము నిలుపుట. మూడవది, ప్రవేశ నియమములలో తెలుగు మాటలాడు ఏ మతము బిడ్డయైనను ఈ గృహమునకు అర్హుడని స్పష్టముగా వ్రాయుట. ఈ మూడవది లేనిదే మొదటి రెండింటికి అర్థము లేదని మా అభిప్రాయము.

పెద్దలు చర్చించి నేడే తేల్చవలెనని మనవి. వచ్చు నెల మొదటి వారమునకు మేస్త్రీని పిలిచియున్నాము. ఏ పటము చేతి కిచ్చిన ఆ పటము ప్రకారమే అతడు ముగ్గు పోయును.

స్వస్తి.